పలక మీద మొదటి పేరు

జమ్మలమడుగు పల్లెవెలుగు బస్సులో డాక్టర్ మసరత్‌కు కిటికీ పక్క సీటు దొరికింది. దొరికింది అనడం కన్నా గెలుచుకుంది అనాలి, ఎందుకంటే ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచీ ప్రొద్దుటూరు బస్టాండులో పొద్దున పూట సీటు దొరకడం అంటే మాటలు కాదు, కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు ఆపుకోవడం అనే చిన్ననాటి విద్య అరవై రెండేళ్ల వయసులో ఆమెకు మళ్లీ పనికొచ్చింది. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. ఈ కార్డులో ఉన్న మనిషి ఈ సాయంత్రం ఐదు గంటల వరకే జిల్లా ఆసుపత్రుల పెద్ద అధికారి అని అతనికి తెలియదు, తెలియకపోవడమే ఆమెకు కావాలి. జీపు ఇంటి ముందే ఉంది. డ్రైవరును మధ్యాహ్నం రమ్మంది. జీపులో వెళితే ఆమె కన్నా ముందు కబురు వెళుతుంది, కబురు వెళితే జమ్మలమడుగు ఆసుపత్రిలో తీసేసిన పేర్ల పలక ఉరుకుల పరుగుల మీద మళ్లీ గోడెక్కుతుంది, అలా భయంతో ఎక్కిన పలక రేపు పొద్దున్నే దిగిపోతుంది. రేపటికి ఆమె మాజీ. మాజీల మాట వినే గోడలు ఏ ఆసుపత్రిలోనూ లేవు.

పొద్దున ఆరింటికి, చాయ్ గ్లాసు ఇంకా పెదవులకు తగలకముందే, ఆ ఆసుపత్రి పారిశుద్ధ్య కార్మికురాలు అక్కులమ్మ ఫోన్ చేసింది. "అమ్మా, మన పలక పీకేసినారు" అంది. ఎవరు పీకారు అంటే, "నువ్వొకసారి వచ్చిపోమ్మా, ఫోన్లో చెప్పేది కాదు" అని పెట్టేసింది. ఆమె గొంతులో ఏడుపు ఉందో కోపం ఉందో మసరత్‌కు తేల్లేదు. చాయ్ చల్లారింది. వంటింట్లో బొరుగుల ఉగ్గాని కలుపుతున్న భర్త కమాల్ బాషా తొంగిచూసి, "ఈ పొద్దు కడపలో శాలువా కప్పుతారంటివి, మళ్లా జమ్మలమడుగు దావ ఏంది? పద, స్కూటర్ మీద దింపొస్తా" అన్నాడు. పద్దెనిమిదేళ్లు కువైట్‌లో ఎవరి ఇంట్లోనో వంట చేసి వచ్చిన మనిషి, వచ్చిన మరుసటి రోజు నుంచే ఈ ఇంటి గరిటె తన చేతిలోకి తీసుకున్నాడు, వీధిలో వాళ్లు "ఏం కమాలప్పా, ఈ పొద్దు ఏం కూర" అని ఎగతాళిగా అడిగితే ఎగతాళి అని తెలియనట్టే కూర పేరూ, అందులో ఏమేం వేశాడో కూడా చెప్పి పంపేవాడు, కొన్నాళ్లకు ఎగతాళి చేసిన వాళ్ల భార్యలు అతని దగ్గరికే వచ్చి మసాలా కొలతలు రాసుకుపోయారు. వద్దులే, బస్సుకు పోతానంది. అతను ఇంకేమీ అడక్కుండా ఉగ్గాని డబ్బాలో సర్ది, పైన నాలుగు మిరపకాయ బజ్జీలు పెట్టి, "అక్కులమ్మకు గూడా పెట్టినా" అన్నాడు. ఆ డబ్బా ఇప్పుడు ఒళ్లో వెచ్చగా ఉంది. ఇంత దిగులులోనూ బజ్జీల వాసన తనకు సంతోషాన్నే ఇస్తోందని గమనించి ఆమెకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

ఊరు దాటగానే శెనగ చేలు, నల్ల నేల మీద పచ్చగా, మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, పక్క సీటులో ఒక పడుచు పిల్ల చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని కునికిపాట్లు పడుతోంది, బిడ్డ కాలు మసరత్ మోకాలికి తగులుతోంది, అయిదు కిలోలకు పైనే ఉంటాడు అని ఆమె మనసు తనంతట తానే తూచేసింది, ముప్పై అయిదేళ్లు చేసిన పని ఒక్క సాయంత్రంతో పోదు కదా. ముప్పై అయిదేళ్లు. వేంపల్లెలో షేర్ ఆటో వెనక వేలాడుతూ టీకాల పెట్టె మోసింది, పులివెందులలో కాన్పుల వార్డులో రంజాన్ ఉపవాసం ఉండి ఒక్క రోజులో ఏడు కాన్పులు చేసింది, ఏడో బిడ్డ నాయనమ్మ తన చేత్తో ఖర్జూరం నోట్లో పెట్టింది, ఆ తీపి ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఇవన్నీ మధ్యాహ్నం కడపలో ఎవరో మైకు ముందు చదువుతారు. పలక సంగతి మాత్రం చదవరు. ఎందుకు చదువుతారు, చూసేవాళ్లకు అది ఒక నల్లరంగు చెక్క, దాని మీద తెల్లరంగు పేర్లు, అంతే కదా.

ఆ పలక పుట్టింది ఆసుపత్రిలో కాదు అనిపిస్తుంది ఆమెకు. అబ్బాజాన్ దుకాణంలో పుట్టింది. అబ్దుల్ వాహిద్ దర్జీ అంటే ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో అందరికీ తెలుసు, మంచి పనివాడని కొంత, మొండివాడని ఎక్కువ. ఎవరి గుడ్డ ముందొస్తే అది ముందు కుట్టేవాడు. గుడ్డలన్నీ వచ్చిన వరసలో ఒకదాని మీద ఒకటి పెట్టి కింద నుంచి లాగేవాడు. ఒకసారి పెద్ద బంగారు వ్యాపారి కొడుకు పెళ్లి చొక్కాకు తొందరపెడుతూ వచ్చి నిలబడితే, అబ్బాజాన్ ముందున్నది పత్తి మిల్లులో పనిచేసే ఒకామె రవికె. "నీ పనంతా ఆపి నాది కుట్టబ్బా" అన్నాడు వ్యాపారి. అబ్బాజాన్ మిషన్ తొక్కడం ఆపకుండానే, "ఆమె గూడా పెండ్లికే పోతాంది మామా, కూర్చో" అన్నాడు. వ్యాపారి చిందులు తొక్కాడు, వెళ్లిపోయాడు, సాయంత్రం మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు, ఎందుకంటే అంత బాగా కుట్టేవాడు ఊళ్లో ఇంకొకడు లేడు. పదేళ్ల మసరత్ గుండీలు కుడుతూ ఇదంతా చూసింది. పంతం పట్టాలంటే ముందు పని బాగా రావాలి అని ఆ పూట ఆమెకు అర్థమైంది, ఇప్పటిదాకా ఆమె చదివిన చదువులన్నిటిలో మరిచిపోనిది అదొక్కటే.

బస్సు ఒక గుంతలో పడి లేచింది. చంటివాడు కళ్లు తెరిచి, లోకం మీద నమ్మకంతో మళ్లీ మూసుకున్నాడు. తాను మొదట ఉద్యోగంలో చేరిన ఊరు గుర్తొచ్చింది, ఆ ఊరి పేరు ఎందుకు లెండి, ఇప్పుడు అక్కడ వేరే మనుషులు, వేరే గోడలు. నెలకోసారి మీటింగు. మగవాళ్లందరికీ కుర్చీలు, నర్సులూ ఆయాలూ రిజిస్టర్లు పొట్టకు హత్తుకుని గోడ పొడుగునా గంటన్నర సేపు నిలబడాలి, అందులో ఒకామెకు ఏడో నెల. లేడీ డాక్టరు కాబట్టి మసరత్‌కు ఒక మూల కుర్చీ వేశారు. ఆమె కూర్చుంది, లేచింది, కుర్చీ తీసుకెళ్లి ఆ గర్భిణికి వేసి, తానూ వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. మాట్లాడింది లేదు, పోట్లాడింది లేదు. కానీ డాక్టరు నిలబడి ఉంటే గుమాస్తా ఎలా కూర్చుంటాడు, అతను లేచాడు, గుమాస్తా లేస్తే ఫార్మసిస్టు లేచాడు, చివరికి పెద్ద డాక్టరు ఒక్కడే కుర్చీలో మిగిలి, చుట్టూ చూసి, ఏం చేయాలో పాలుపోక తనూ లేచాడు. గంటన్నర మీటింగు ఆ రోజు పన్నెండు నిమిషాల్లో ముగిసింది. వచ్చే నెలకు పక్క బడి నుంచి బెంచీలు వచ్చాయి. ఆ పన్నెండు నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఇదిగో ఇప్పుడు కూడా వచ్చింది, ముందు సీటామె వెనక్కి తిరిగి చూసింది.

హోదా పెరిగాక, జమ్మలమడుగులోని ఈ ముప్పై పడకల ఆసుపత్రికి సూపరింటెండెంటుగా వచ్చాక పెట్టింది పలక. ఏడేళ్లయింది. పనిచేసే అందరి పేర్లూ ఒక్క వరసలో, హోదా లేకుండా, ముందు డాక్టరని గానీ వెనక డిగ్రీ గానీ లేకుండా, చివర అందరికీ గారు, తెలుగు అక్షరాల వరస ప్రకారం. పొద్దున ఎనిమిదిన్నరకు వరండాలో అందరూ గుండ్రంగా నిలబడతారు, రోజుకొకరు పేర్లు పిలుస్తారు, పేరు వచ్చిన వాళ్లు ఉన్నానని చెప్పి, తమ కంట్లో పడిన ఒక లోటు చెప్పాలి, పిలిచేవాళ్లు రాసుకోవాలి. ఆ పూట ఆసుపత్రిలో ఉన్న మనిషి ఎవరైనా సరే, పై నుంచి వచ్చిన అధికారి అయినా సరే, తన అక్షరం వచ్చినప్పుడు పలకాల్సిందే. గుమాస్తా సుబ్బరామయ్యది ఇరవై ఏళ్లుగా హోదా వరసలో పేర్లు రాసిన చెయ్యి, ఆయనకు చెమటలు పట్టాయి. అక్కులమ్మ పేరు అన్నిటికీ పైన వచ్చింది, ఆయన పేరు అట్టడుగున. ఆయన రెండు రోజులు ఆలోచించి, తన పేరు ముందు శ్రీ చేర్చుకుంటే వాచ్‌మన్ పని చేసే షాహీదాబీ కన్నా ఒక మెట్టు పైకి వస్తానని కనిపెట్టాడు. మసరత్ ఒప్పుకోలేదు. ఆయన ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అక్కులమ్మ మీద చూపించాడు. ఆమె చీపురు పక్కన పెట్టి, "అచ్చరాలు నేను పెట్టినానా సామీ? మీ నాయన పెట్టిన పేరుకు నన్నంటే ఎట్ల?" అంది. వరండా అంతా గొల్లున నవ్వింది, ఆఖరికి సుబ్బరామయ్య కూడా.

ఇంతియాజ్ అని పొరపాటున రాస్తే తుడిపి ఇమ్తియాజ్ అని మళ్లీ రాయించుకున్న మగ నర్సు ఒకడు ఉండేవాడు, కాదు, ఉన్నాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. అతను వచ్చిన కొత్తలో సిలిండర్లు మోయడానికీ, తాగి వచ్చినవాళ్లను పట్టుకోవడానికీ తప్ప ఎవరూ పిలిచేవాళ్లు కాదు. నేను చదివింది నర్సింగ్ మేడమ్, కుస్తీ కాదు అన్నాడు ఒకనాటి పేరు పిలుపులో, లోటు చెప్పమంటే. సిలిండర్లకు చక్రాల బండి వచ్చింది, దాన్ని ఎవరైనా తొయ్యగలరు. ఇమ్తియాజ్‌కు ముసలివాళ్ల వార్డు వచ్చింది. నర్సు అంటే సిస్టర్ అనే అలవాటు ఉన్న అవ్వలు అతన్ని ఏమని పిలవాలో తెలియక "సిస్టరప్పా" అన్నారు. ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో అతనికి అదే పేరు. అతని పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వెళితే ఒక అవ్వ, ఇమ్తియాజ్ ఎవరు, మా సిస్టరప్ప పెండ్లి కాదా అని అడిగిందట.

కానీ పలకకు ప్రాణం వచ్చింది ఒక తనిఖీ రోజున. అమరావతి నుంచి వచ్చిన అధికారి, కోస్తా మనిషి, చెవి దగ్గర ఫోను తియ్యకుండానే లోపలికొచ్చాడు. మసరత్ లోపల కాన్పు గదిలో ఉంది, బిడ్డ అడ్డం తిరిగింది. ఆయన గోడ మీద పలక చూశాడు. అన్ని ఆఫీసుల్లోలాగే మొదటి పేరు ఆఫీసరుది అనుకున్నాడు. "అక్కులమ్మ గారిని రమ్మనండి" అని గదిలో కూర్చున్నాడు. అక్కులమ్మ చేతులు తుడుచుకుని వెళ్లింది. ఆయన ఫారం మీద నుంచి తల ఎత్తకుండా, ఫోను మధ్య మధ్యలో మాట్లాడుతూ, కిందటి నెల ఎన్ని కాన్పులండీ అన్నాడు. నలభై మూడు, అందులో కవలలు ఒకటి అంది. జనరేటరు ఎప్పుడు బాగుచేశారండీ అంటే, వినాయక చవితికి ముందు బేస్తవారం, మళ్లా పొగ వస్తాంది అంది. సూదులూ కట్లూ ఎటు పోతాయండీ అంటే ఏ రంగు సంచి ఏ బండిలో ఎన్ని గంటలకు పోతుందో చెప్పింది. మీకు అన్నిటికన్నా ముందు కావలసింది ఏమిటండీ అని అడిగాడు. ఆ కుర్చీలో మసరత్ ఉంటే స్కానింగు మిషన్ అని ఉండేది. అక్కులమ్మ, "ఆడోళ్లకు లోపల గొళ్లెం ఉండే బాత్రూము సార్, లైటు గూడా" అంది. అప్పుడు తల ఎత్తాడు. నీలం యూనిఫాం చీర, పక్కన బక్కెట్టు. చేతులు కడుక్కుని పరుగెత్తుకొచ్చిన మసరత్ గుమ్మంలో ఆగిపోయింది, ఇక పలక పని అయిపోయింది అనుకుంది. ఆయన మెల్లగా లేచాడు. "కూర్చోండి అక్కులమ్మ గారూ, మిమ్మల్ని నిలబెట్టి మాట్లాడానండీ, చూసుకోలేదు" అన్నాడు. ఆమె కూర్చుంది. మొదటిసారి, ఆ గదిలో. ఈ ఆసుపత్రిని నడిపేవారికి నేల దాకా అన్నీ తెలుసు అని అప్పటికే రాసేశాడు, ఆ వాక్యాన్ని కొట్టెయ్యలేదు. మూడు నెలల్లో గొళ్లెమూ, లైటూ, తలుపూ వచ్చాయి.

మరి ఇప్పుడు పీకేశారంటే? రెండేళ్లుగా అక్కడ సూపరింటెండెంటు శశిధర్, మంచి సర్జన్, మాట తక్కువ, చొక్కా మడత నలగదు. అతనికి పలక నచ్చిందో లేదో ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగితే నచ్చిందనే అంటాడు, పైఅధికారి అడిగితే ఎవరైనా అదే అంటారు. అడగకపోవడానికి భయమే కారణం అని ఈ శెనగ చేల మధ్య తనకు తాను ఒప్పుకుంది. ఒక మనిషి ఉన్నంతసేపే నిలబడేది ఆ మనిషి పెత్తనం, అంతే, దానికి సమానత్వం అని పేరు పెట్టుకుని ఇన్నేళ్లు మురిసిపోయానా. పలక లేకపోతే ఏం చేయాలో కూడా తేల్చుకుంది. ఏమీ అనకూడదు. అక్కులమ్మతో ఉగ్గాని తిని, వచ్చిన బస్సుకే వెళ్లిపోవాలి. తేల్చుకున్నాక కళ్లు చెమర్చాయి. చంటివాడు మెలకువగా ఆమెనే చూస్తున్నాడు, చూసి చూసి పళ్లు లేని నోటితో నవ్వాడు, ఆమెకు నవ్వక తప్పలేదు.

దిగేసరికి ఎనిమిదీ ఇరవై. గేటు దగ్గర షాహీదాబీ ఆమెను చూసి సలాం చెప్పబోతే మసరత్ వేలు పెదవుల మీద పెట్టుకుంది. వరండా గోడకు కొత్త సున్నం. పలక ఉన్న చోట రెండు మేకులు. మేకులే. కుళాయి దగ్గర నుంచి అక్కులమ్మ వచ్చింది, ముక్కు ఎర్రగా ఉంది, చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లి, "చూడమ్మా, ఏడేండ్లు నా పేరే ముందుండె. నిన్న వచ్చినాది ఆ పాప, అకీలా అంట, డాక్టరంట, నా పేరు కన్నా ముందట రాపిస్తాండాడు ఈ శశిధర్ సారు. పలక దించి కొత్తగా రాపిస్తాండాడు. ఇదేం న్యాయమమ్మా?" అంది.

మసరత్ చెట్టు కింద చూసింది. రెండు స్టూళ్ల మీద పలక పడుకోబెట్టి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని సుబ్బరామయ్య తెల్లరంగుతో రాస్తున్నాడు. అన్నిటికీ పైన అకీలా గారు. దాని కింద అక్కులమ్మ గారు. అక్షరాల వరసలో సరిగ్గా ఉండవలసిన చోటే ఉన్నాయి రెండూ. పక్కనే నిలబడి శశిధర్ ఒక్కొక్క పేరూ సరిచూస్తున్నాడు, తన పేరు దగ్గరికి వచ్చినప్పుడు కూడా వేలు ఆపకుండా కిందికి జరిపాడు. ఆమె గుండె మీద నుంచి ఏదో దిగిపోయింది, గట్టిగా, చిన్నపిల్లలా నవ్వింది. అక్కులమ్మకు కోపం వచ్చింది. "నవ్వుతావేమ్మా?" "అక్కులమ్మా, ఆ పొద్దు సుబ్బరామయ్య కోప్పడితే నువ్వేం చెప్పినావు?" అని అడిగింది మసరత్. అక్కులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అచ్చరాలు నేను పెట్టినానా అంటి" అని పకపకా నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

గంట కొట్టారు. అందరూ గుండ్రంగా చేరారు. మసరత్ స్తంభం వెనక నిలబడింది. పలక ఇంకా ఆరలేదు, చేతిలో పేర్ల కాగితమూ లేదు, ఈ రోజు పిలిచే వంతు శశిధర్‌ది, జ్ఞాపకం మీదే మొదలుపెట్టాడు. "అకీలా గారు." కొత్త డాక్టరు పిల్ల బెదిరి అటూ ఇటూ చూసింది. పక్కన నిలబడ్డ అక్కులమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి, "పలుకు పాపా, ఉన్నానని చెప్పు, ఏదన్నా లోటు గనపడింటే అది గూడా చెప్పు, ఎవరూ ఏమీ అనరు" అంది. ఆ పిల్ల ఉన్నానండీ అంది. "అక్కులమ్మ గారు." "ఉన్నా. రెండో వార్డులో కుళాయి కారుతాంది." ఆర్షియా గారు, ఇమ్తియాజ్ గారు, ఒక్కొక్క గొంతూ, ఒక్కొక్క లోటూ, శశిధర్ చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. అక్షరాలు దొర్లుతూ మ దగ్గరికి వచ్చాయి. శశిధర్ ఒక్క క్షణం ఆగి, స్తంభం వైపు తిరగకుండానే, మిగతా అందరినీ పిలిచిన గొంతుతోనే, "మసరత్ గారు" అన్నాడు.

మసరత్ స్తంభం చాటున ఇంకొంచెం వెనక్కి జరిగింది. అక్కులమ్మ స్తంభం వైపు చూసి, "పలకమ్మా. నీకూ నేనే చెప్పల్లనా?" అంది.

"ఉన్నాను" అంది మసరత్. లోటు చెప్పడానికి చుట్టూ చూసింది. ముప్పై అయిదేళ్లుగా ఎక్కడికి వెళ్లినా ముందు లోటే కనిపించిన కళ్లు. "లోటేమీ కనపడలేదు" అంది.

శశిధర్ తల ఊపి ముందుకు సాగాడు. తన పేరు తానే పిలుచుకుని తానే పలికాడు, ఆపరేషన్ గదిలో ఒక బల్బు పోయిందన్నాడు. "షాహీదాబీ గారు." "ఉన్నా సార్. గేటు చక్రం ఊడి మూడు దినాలాయ, ఎవరూ బాగుచెయ్యల్యా." మసరత్ చెయ్యి అలవాటు కొద్దీ కలం కోసం సంచిలోకి వెళ్లింది. ఉగ్గాని డబ్బా తగిలింది. కలం చేతికి దొరికేలోపే శశిధర్ అది రాసుకున్నాడు.